నా కోటుకు జరిగిన పెళ్లి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి సగం అతను వేసుకున్న బట్టల్లో ఉంటాడని, మిగతా సగం ముందుగా రాసుకున్న ప్రణాళికలో ఉంటాడని. ఇప్పుడు ఆ నమ్మకం లేదు. పోయినందుకు బాధ లేదు కాని, పోవడానికి కారణమైన వాళ్లలో ఒక్కరు కూడా ఇప్పటిదాకా నాకు క్షమాపణ చెప్పలేదు. పన్నెండేళ్లయింది. నేను మరిచిపోతానని వాళ్ల ఆశ. మూడో తరగతిలో నా పలక పగలగొట్టిన వాడి పెళ్లికి కూడా నేను పోలేదు. (పలక దానంతటదే పడిందని వాడు టీచరుకు చెప్పాడు. పడలేదు. తోశాడు.) అలాంటివాడిని, ఒక నిండు కోటు సంగతి మరిచిపోతానా?

అప్పుడు నేను విడవలూరు అవతల, సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడిని. మా సొంతూరు సూళ్లూరుపేట దగ్గర, పులికాట్ సరస్సు పక్కన. మా ఇంట్లో తాతల నాటి నుంచి అందరూ వల వేసి పట్టేవాళ్లే, నేనొక్కడినే మేత వేసి పెంచేవాడిని. "మనం పట్టి తింటాం, నువ్వు పెట్టి పెంచతావు. ఏం పుటకరా నీది?" అని మా నాయన నలుగురిలో అన్న మాట కూడా నా కోపాల పట్టీలో ఉంది. నా పని గంట గంటకూ తొట్లలో మేత వేయడం, వేసినట్టు రిజిష్టర్లో రాయడం. సమయం, పని, పరిమాణం, గమనిక అని నాలుగు గళ్లు. మేత మిగిలితే గమనికలో "మిగిలింది, తగ్గించాలి" అని రాయాలి. పిల్లలు చురుకుగా లేకపోతే "కదలికలు గమనించాలి" అని రాయాలి. రాసి రాసి నాకు అదే భాష అయిపోయింది. మా అమ్మకు ఉత్తరం రాసినా నాలుగు గళ్లు గీయాలనిపించేది.

ఆ రిజిష్టరు ప్రతి సాయంత్రం ల్యాబ్‌కు పోయేది. అక్కడ నీళ్లు పరీక్ష చేసే అమ్మాయిని అందరం ల్యాబ్ మేడం అనేవాళ్లం. ఆమె నా రాతలన్నీ చదివి ఎర్ర పెన్నుతో దిద్ది పంపేది. "ఇది ఆరా? సున్నానా?" "ఆలస్యం." "అక్షరాలు తొట్లో పడ్డాయా?" ఇలా. మిగతావాళ్లకు అవి చీవాట్లు, నాకు మాత్రం ఉత్తరాలు. ఎర్ర గీత లేని రోజు నాకు అన్నం సహించేది కాదు. కావాలనే మరునాడు ఆరును సున్నాలా రాసేవాడిని. (రొయ్యపిల్లలకు దీనివల్ల ఏ నష్టమూ జరగలేదు. ఆ విషయంలో నన్నెవరూ అనడానికి లేదు.)

ఒక మే నెలలో ల్యాబ్ మేడం వాళ్ల అన్న పెళ్లి కుదిరింది. హేచరీలో అందరికీ శుభలేఖలు పంచుతూ, నా బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, నా చొక్కా మీది మేత మరకలు చూసి, "తప్పకుండా రాండి. కాస్త మంచి బట్టలు వేసుకొని రాండి" అంది. మొదటి మాటకు నేను గాల్లో తేలాను. రెండో మాట దగ్గర దిగాను. అందరికీ ఒక మాటే చెప్పి నాకు మాత్రం రెండు చెప్పిందంటే అది అవమానమైనా కావాలి, అభిమానమైనా కావాలి. రాత్రంతా ఆలోచించి, రెండూ అని తేల్చుకున్నాను.

నా గదిలో నాతో పాటు ఉండేవాడు సలహాలన్న. పని మోటార్లు చూసుకోవడమే కాని, మనసంతా పక్కవాళ్ల జీవితాల మీద ఉండేది. పెళ్లికి పంచె కట్టుకుపోదామనుకుంటున్నానని చెప్తే పగలబడి నవ్వాడు.

"చర్చి పెళ్లికి పంచె ఏందిరా? ఆడ మొగోళ్లంతా కోట్లే ఏస్తారు. కోటు లేనోడికి కుర్చీ కూడా ఎయ్యరు."

"నువ్వు చూసినావా అన్నా?"

"చూడాల్నా ఏంది? తెలవదా?"

నేను నమ్మాను. మా ఊళ్లో చర్చి పెళ్లి ఎప్పుడూ చూసినవాడిని కాదు. నెల్లూరు పోయి, ఒక దర్జీ దగ్గర ముదురు నీలం రంగులో కోటూ ప్యాంటూ కుట్టించుకున్నాను. దర్జీ కొలతలు తీస్తూ, "పెళ్లి మీదేనా?" అని అడిగాడు. కాదంటే టేపు కిందికి దించి, "మరెందుకయ్యా?" అన్నాడు. ఆ మాటలోని హెచ్చరిక నాకు అప్పుడు అర్థం కాలేదు.

బట్టల సంగతి ముగిశాక ప్రణాళిక. పెళ్లిలో నన్ను కోటులో చూసి ఆమె ఆశ్చర్యపోయిన క్షణంలో, వచ్చే ఆదివారం చెన్నైకి వస్తారా అని అడగాలి. అడిగితే "వచ్చి ఏం చేస్తాం?" అంటుంది కదా! అందుకని ఒక కాగితం మీద, అలవాటు ప్రకారం నాలుగు గళ్లు గీసి, రోజంతా రాసుకున్నాను. పైన "ల్యాబ్ మేడంతో చెన్నై" అని శీర్షిక పెట్టి, కింద గీత గీశాను. నెల్లూరులో పొద్దుటి రైలు, ఆమెకు ఎడమ కిటికీ సీటు, సూళ్లూరుపేట దాటాక మా ఊరు చూపించడం (ఊరు కనబడదు, వేలు చూపిస్తే చాలు), తరవాత బీచి, భోజనం, మ్యూజియం, ఐస్‌క్రీం. చిట్టచివరి వరస: "5.00 — అడగాలి." ఏమని అడగాలో రాయలేదు. అది నాకూ ఆమెకూ తెలిసిన విషయమని నా ఉద్దేశం. ఫోనులో రాసుకుంటే సలహాలన్న చూస్తాడు. అందుకని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో దాచాను. కోటు లోపలి జేబంత భద్రమైన చోటు ప్రపంచంలో లేదనుకున్నాను.

పెళ్లి రోజు పొద్దున తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంటే సలహాలన్న బయటి నుంచి, "రేయ్, ఇట్టా రా, నా టై చూడు" అని కేకేశాడు. పోయి చూస్తే టై లేదు, ఏమీ లేదు, పిలవడం సరదా. తిరిగి వచ్చేసరికి చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు, మొన దగ్గర్నుంచి మడమ దాకా, గోధుమ రంగులో దిగిపోయి ఉంది.

"దానికేం పోయిందిరా? కోటు లోపల వీపు ఎవురు చూస్తారు?" అన్నాడు.

ఆ మాట కూడా నమ్మాను.

చర్చి ముందు ఆటో దిగానో లేదో బ్యాండు మోగింది. ఇద్దరు పెద్దావిడలు నా మీద పూలు చల్లారు. ఒకాయన వచ్చి నన్ను గట్టిగా కావిలించుకొని "వందనాలు నాయనా" అన్నాడు. ఇంత మర్యాద ఎరగనివాడిని, నేనూ వందనాలు చెప్పి నాలుగడుగులు వేశాను. అప్పుడు వెనక నుంచి ఎవరో, "ఈయన కాదు! పెళ్లికొడుకు కారు ఇంకా రాలా!" అని అరిచారు. బ్యాండు ఠక్కున ఆగిపోయింది. పాట సగంలో ఉంది. ఆ పాట పూర్తిచేసి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది? పూలు చల్లిన ఆవిడ పక్కావిడతో, "పెళ్లికొడుకు కాదంట. ఊరికే ఏసుకొచ్చినాడంట" అంది. ఊరికే! నెల్లూరు పోయి కొలతలిచ్చి కుట్టించుకున్న కోటును పట్టుకొని ఊరికే! చుట్టూ చూశాను. తెల్ల చొక్కాలు, పంచెలు, పొట్టి చేతుల నూలు చొక్కాలు. అంతమందిలో కోటు వేసుకున్నది నేనూ, పీచులా సన్నగా ఉన్న తోడు పెళ్లికొడుకూ. సలహాలన్న పల్చటి పూల చొక్కాలో, శుభలేఖతో విసురుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు.

"కోటేదన్నా?" అని అడిగాను, పళ్లు కొరుకుతూ.

"ఉక్కగదరా" అన్నాడు.

ఇంతలో పెళ్లికొడుకు కారు వచ్చింది. తలుపు తెరవగానే ముందుగా దిగింది పులుసు వాసన. విషయమేమిటంటే, వాళ్ల అవ్వ ముందురోజే బొమ్మిడాయిల పులుసు కాచింది. మా నెల్లూరు వైపు పులుసు ఏ రోజుది ఆ రోజు తినేవాళ్లకు రుచి తెలియదని లెక్క. ఒక పూట ఊరితేనే అది పులుసు. పెళ్లికూతురు తరఫు పెద్దలకు తన చేతి పులుసే పెట్టాలని అవ్వ పట్టు. వంటవాళ్ల వ్యానులో పంపిస్తే కుదుపుతారని మట్టి కుండను కారులో తన ఒళ్లో పెట్టుకుంది. పెళ్లికొడుకు కోటు నలగకుండా ఆమె పక్కనే హ్యాంగరుకు వేలాడదీశారు. చర్చి మలుపులో గేదె అడ్డం వచ్చింది. గేదెకు ఏమీ కాలేదు.

అవ్వ మాత్రం కారు దిగి, మూత తీసి కుండలోకే చూస్తోంది. "కోటు పోతే పోయింది, పులుసు సగమన్నా మిగిలిందా లేదా చూడండబ్బా!"

తోడు పెళ్లికొడుకు కోటు తొడిగి చూశారు. మోచేతుల దగ్గరే ఆగిపోయింది. అప్పుడు వాళ్ల చూపులన్నీ గుంపు మీద తిరిగి తిరిగి నా మీద ఆగాయి. ల్యాబ్ మేడం పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని నా వైపు పరిగెత్తుకొచ్చింది. నేను కలలుగన్నది సరిగ్గా ఇదే. నా ఎదురుగా ఆగి, ఎగపోస్తూ, నన్ను పై నుంచి కింది దాకా చూసి, "కోటు బలేగుండాదండీ" అంది. నేను కాలరు సర్దుకున్నాను. "ఒకసారి ఇస్తారా?"

ఇచ్చేశాను. ఎవరివ్వరు? ఆమె దాన్ని తీసుకొని వెళ్లిపోయాక సముద్రపు గాలి నా వీపు మీద చల్లగా తగిలింది. ఇస్త్రీపెట్టె గుర్తుకొచ్చింది. వెంటనే పోయి చర్చి లోపల వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాను. మరో ఐదు నిమిషాలకు కాగితం గుర్తుకొచ్చింది. "ల్యాబ్ మేడంతో చెన్నై" అని గీత గీసి మరీ శీర్షిక పెట్టిన కాగితం, ల్యాబ్ మేడం సొంత అన్న గుండెల మీద, పాస్టరుగారి ముందు నిలబడి ఉంది.

ఆరాధన గంటసేపు జరిగింది. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని పాస్టరుగారు అడిగినప్పుడు నా చెయ్యి దానంతటదే సగం లేచింది. వివాహానికి అభ్యంతరం లేదు, కోటుకే. పక్కాయన నా వైపు అదోలా చూశాడు. చెయ్యి దించి జుట్టు సవరించుకున్నాను. పెళ్లికొడుకుకు కింద తన నల్ల ప్యాంటు, పైన నా నీలం కోటు; అంటే సగం అతనూ సగం నేనూ కలిసి ఆ అమ్మాయికి ఉంగరం తొడిగాం, తాళి కట్టాం. గోడ దగ్గర నిలబడి నాకు తెలిసిన దేవుళ్లకూ, ఆ చర్చిలోని దేవుడికీ కూడా ఒకటే మొక్కుకున్నాను. ఆ జేబులో చెయ్యి పెట్టనివ్వకండి స్వామీ అని.

తరవాత పందిట్లో వేదిక మీద ఫొటోలు. ఇదే అవకాశం. వేదిక ఎక్కి పెళ్లికొడుకును అభినందిస్తూ కావిలించుకొని, జేబులోంచి కాగితం లాగేయాలి. కాని వేదిక ఎక్కితే జనానికి వీపు చూపించాలి. పరువా, ప్రాణమా అని ఆలోచించి, ప్రాణం వైపు మొగ్గాను. ఎక్కాను. వెనక కుర్చీల్లో ఒక్కసారి గుసగుసలు లేచాయి. "వీపు మీద అదేంది అక్కా?" "ఇస్త్రీపెట్టె మాదిరుండాది." "కొత్త ఫ్యాషనేమో!" నేను పట్టించుకోకుండా పెళ్లికొడుకును కావిలించుకొని, రెండు వేళ్లు కోటు లోపలికి పోనిచ్చాను. కాగితం అంచు తగిలింది. అతను నన్ను చూసి చలించిపోయాడు. "కోటిచ్చినోడివి, మళ్లీ నువ్వే వచ్చి కావిలించుకుంటివా అన్నా!" అని నన్ను ఇంకా గట్టిగా అదుముకున్నాడు. నా చెయ్యి మా ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయింది. ఫొటోగ్రాఫరు మెరుపు మెరిపించాడు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల ఆల్బంలో పదకొండో పేజీలో ఉంది. అందులో నేను పెళ్లికొడుకు జేబు కొడుతున్న దొంగలా ఉంటాను. తీసేయమని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు.

భోజనాలకు ముందు పెళ్లికొడుకు చేతికి మైకు ఇచ్చారు. సాయం చేసిన పెద్దలందరి పేర్లూ చదివి కృతజ్ఞతలు చెప్పడం అక్కడి ఆనవాయితీ, ఒక్క పేరు తప్పినా ఏడాదంతా మాటలుండవు (ఆ పెద్దలంటే నాకు గౌరవం). పేర్ల కాగితం తన కోటుతో పాటే పులుసులో తడిసి ఎండలో ఆరుతున్న సంగతి అతను మరిచిపోయాడు. కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం తగిలింది. తీశాడు. రెండు మడతలే విప్పాడు, పై సగం వెనక్కే ఉండిపోయింది. గొంతు సవరించుకొని, చదివేదేమిటో చూసుకోకుండానే మొదలుపెట్టాడు.

"ముందుగా... పది పదిహేనుకు బీచి. అల వచ్చినప్పుడు చెయ్యి పట్టుకోవాలి. గమనిక: అల రాకపోతే ఆగాలి."

మైకులో ఒకసారి మొదలైన మనిషి ఆగలేడనుకుంటాను.

"పన్నెండున్నరకు మేత. ఇద్దరికీ. గమనిక: మిగిలితే తగ్గించాలి."

పెళ్లికూతురు ముసుగు మొహం మీదికి లాక్కుంది. నవ్వు మొదటి వరసలో పుట్టి వెనక్కి పాకింది. "ఏమబ్బాయ, పెళ్లానికి మేతేస్తావా?" అని ఎవరో అరిచారు. పెళ్లికూతురు పక్కన పూలగుత్తి పట్టుకొని నిలబడిన ల్యాబ్ మేడం నవ్వలేదు. "మిగిలితే తగ్గించాలి" దగ్గర ఆమె తల ఠక్కున లేచింది. కళ్లు పందిరంతా వెతికాయి. నేను ఫ్యాను వైపు చూస్తున్నాను.

"రెండింటికి మ్యూజియం. కదలికలు గమనించాలి. నాలుగింటికి ఐస్‌క్రీం. ఐదింటికి... అడగాలి."

"ఇంకేం అడగతావురా, తాళి కట్టేస్తివి గదా!" అని అవ్వ మైకు లేకుండానే అందరికీ వినబడేలా అంది. పందిరంతా విరగబడి నవ్వింది. అప్పటికి పెళ్లికొడుకు మిగతా మడతలు విప్పి, పై శీర్షికను మనసులో చదువుకున్నాడు. తలెత్తి చెల్లెలిని చూశాడు. తరవాత పందిరి గుంజకు ఆనుకొని ఉన్న నన్ను చూశాడు. అతను కాగితం మెల్లగా మడిచి, మళ్లీ ఆ జేబులోనే పెట్టుకొని, "మిగతాది మేం ఇంట్లో చదువుకుంటాంలే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెమటలు తుడుచుకోవడానికి నా చేతిరుమాలు కూడా కోటులోనే ఉండిపోయింది.

ఆ రోజు నేను అన్నం తినలేదు. (పులుసు మిగిలినా నా వరసకు రాలేదు. అది వేరే విషయం, దాని మీద నాకు వేరే కోపం ఉంది.) సోమవారం ఉద్యోగం మానేద్దామనుకున్నాను, కాని రొయ్యపిల్లలు నాకేం ద్రోహం చేశాయి? ఎప్పటిలాగే మేత వేసి, రిజిష్టరు రాసి, ఆమె మొహం చూడకుండా ల్యాబ్ గుమ్మంలో పెట్టి వచ్చేశాను. మంగళవారం పొద్దున రిజిష్టరు తిరిగొచ్చింది. మేత వేయడం ఆపి తెరిచాను. సోమవారం పన్నెండున్నర మేత ఎదురుగా, గమనిక గడిలో, ఎర్ర పెన్నుతో ఇలా ఉంది: "మేత ఆలస్యం. పదకొండున్నరకు మార్చాలి. మ్యూజియం వద్దు. ఆదివారం నాకు వీలే."

వెళ్లాం. ఎడమ కిటికీలోంచి మా ఊరు చూపించాను, కనబడకపోయినా ఆమె తలూపింది. బీచిలో అలలు నేను అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయి. ఐదు గంటలకు నేను నోరు తెరవబోతుంటే ఆమె, "ఇంక పోదాం పదండి, రైలు పోతాది" అంది. అంటే నేను అడగనే లేదు. తరవాత రెండు ఇళ్లనూ ఒప్పించడానికి రెండేళ్లు పట్టింది (ఎవరెవరు ఏమన్నారో దానికి ప్రత్యేకంగా ఒక పట్టీ ఉంది), పెళ్లయింది, ల్యాబ్ మేడం మా ఇంటికే వచ్చేసింది. ఇన్నేళ్లలో నన్ను అడగనిచ్చిన వాళ్లు లేరు. మా బావ, అంటే ఆ పెళ్లికొడుకు, నా కోటు వేసుకొని చెన్నై పోయి, నా కాగితం ప్రకారమే తిరిగి, "బలే ప్లానబ్బా, మ్యూజియం మాత్రం వేస్టు" అని చెప్పి మరీ కోటు తన పెట్లోనే పెట్టుకున్నాడు. ఎప్పుడడిగినా, "యాడికి పోతాది బావా, ఉంటాదిలే" అనేవాడు. "ఒకసారి ఇస్తారా" అన్న మాటకు పన్నెండేళ్లు!

పోయిన నెల వాళ్లు ఇల్లు మారుతూ కోటు తెచ్చి ఇచ్చారు. వేసుకొని అద్దం ముందు నిలబడ్డాను. బొత్తానికీ కాజాకీ మధ్య జానెడు దూరం. దర్జీ తక్కువ గుడ్డ పెట్టాడని నాకు అప్పటి నుంచీ అనుమానమే. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త కలరా ఉండల వాసన. లోపలి జేబులో చెయ్యి పెడితే కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగింది. చిట్టచివరి వరస మాత్రం స్పష్టంగా ఉంది. "5.00 — అడగాలి." దాని పక్కన గమనిక గడి ఇంకా ఖాళీ.

గడియారం చూశాను. ఐదవుతోంది. అలాగే, బొత్తాలు పెట్టని కోటుతోనే వంటింట్లోకి పోయి, "మేడం, వచ్చే ఆదివారం చెన్నైకి వస్తావా?" అని అడిగాను. అడిగే ముందు జుట్టు కూడా సవరించుకున్నాను. ఈ వయసులో అదెందుకో నాకు తెలియదు. ఆమె చింతపండు పిసుకుతూ, వెనక్కి తిరిగి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నవ్వు ఆపుకుంటున్నప్పుడు ఆమె ముక్కు కొస కదులుతుంది. "రాసి పెట్టండి, చూస్తా" అంది.

పాత నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి, ఆరును ఆరులాగే కుదురుగా రాసి, వంటింటి గట్టు మీద పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి గమనిక గడిలో ఎర్రటి అక్షరాలున్నాయి. ఈ ఇంట్లో ఎర్ర పెన్ను ఇంకా ఉందని నాకు తెలియదు. "ఆదివారం వీలే. కోటు వద్దు."

కోటు వద్దట. సరే, ఇది కూడా నా పట్టీలో రాసుకున్నాను. రాస్తూ నవ్వుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.